రేపు పొద్దున ఎవరు చేస్తారని అడుగు

నల్లగొండ

చిరంజీవి బిడ్డకు,

నీ ఉత్తరం అందింది. ఏడాది శిక్షణ అయ్యాక ఇథియోపియా ఆరోగ్య శాఖకు సలహాదారుగా పోతున్నావని చదివి మీ మామ, నేను ఎంత సంతోషపడ్డామో చెప్పలేను. పాలమూరు నుంచి బతుకుదెరువు కోసం బొంబాయి పోయినవాళ్లే ఉన్న మన ఇంట్లో, ఒక దేశం పిలిచి సలహా అడిగే పిల్ల పుట్టింది.

"ఏం చదువుకొని పోవాలత్తా" అని అడిగావు. పుస్తకాల సంగతి మీ సార్లు చూసుకుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ఆరోగ్య వ్యవస్థను ఆరు భాగాలు చేసి చూపింది కదా, సేవలు, సిబ్బంది, సమాచారం, మందులు, డబ్బు, నాయకత్వం అని. అది మొదటి వారంలోనే మీకు చెప్తారు. శ్రద్ధగా నేర్చుకో. అయితే ఏఎన్ఎమ్‌గా చేరి సూపర్‌వైజర్‌గా రిటైరయ్యేదాకా నేను చూసిందేమంటే, పని ఎక్కువగా ఆగేది ఒక భాగం ఇంకో భాగాన్ని అందుకోవాల్సిన చోట. మందు వచ్చి ఉంటుంది, ఇచ్చే మనిషి పోస్టు ఖాళీగా ఉంటుంది. మనిషి ఉంటుంది, ఆమె తిరిగిన బస్సు చార్జీల బిల్లు ట్రెజరీలో పడి ఉంటుంది. టీకా ఉంటుంది, ఐస్ ప్యాకులు గడ్డకట్టేంత సేపు కరెంటు ఉండదు. అందుకే నువ్వు ముందు చదవాల్సింది మన నల్లగొండనే అంటాను.

నువ్వు పోయే దేశానికి మన ఊరి పేరు ఎప్పుడో చేరింది. 1955లోనే సిద్దిఖీ అనే పరిశోధకుడు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ గురించి రాశాడు. మన నేల కింద ఉన్న గ్రానైట్ రాతి నుంచి ఫ్లోరైడ్ నీళ్లలోకి దిగుతుంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగడానికి పనికిరావు. మర్రిగూడ, చండూరు, మునుగోడు, నారాయణపూర్ దిక్కు ఊళ్లలో అంతకు ఎన్నో రెట్లున్న నీళ్లు తాగి పిల్లల పండ్లకు గార పట్టింది, కాళ్లు వంకర పోయాయి, నడి వయసుకే మెడ తిరగక నడుము వంగిపోయింది. నాగపూర్‌లోని నీరీ సంస్థ శాస్త్రవేత్తలు 1970లలో దీనికి ఒక ఉపాయం కనిపెట్టారు. నీళ్లలో పటిక, అందులో ఇరవయ్యో వంతు సున్నం, కొంచెం బ్లీచింగ్ పౌడరు వేసి ముందు వేగంగా, తర్వాత మెల్లగా కలిపి, గంటసేపు కదలకుండా ఉంచితే ఫ్లోరైడ్ చాలావరకు మడ్డితో పాటు అడుగుకు చేరుతుంది. పై నీళ్లు వడకట్టుకొని తాగాలి. దానికే నల్లగొండ పద్ధతి అని పేరు. కెన్యా, టాంజానియా, ఇథియోపియాల రిఫ్ట్ లోయలోనూ మనలాగే ఫ్లోరైడ్ నీళ్లు. అక్కడికీ ఈ పద్ధతిని తీసుకుపోయి ప్రయత్నించారు. ఆ దేశాల ఇంజనీర్లు కూడా నల్లగొండ పేరు ఎరుగుదురు.

శాస్త్రం తప్పు కాదు. బక్కెట్టులో చేసి చూపిస్తే ఎవరి కళ్ల ముందైనా పనిచేస్తుంది. పెద్ద ట్యాంకులు కట్టి ఊరికి ఒక ప్లాంటు పెట్టినప్పుడూ మొదటి నెల పనిచేసింది. నేను చూసిన ఒక ఊరి సంగతి చెప్తాను విను. పటిక ఎంత వేయాలన్నది నీళ్లలోని ఫ్లోరైడ్‌ను బట్టి, క్షారాన్ని బట్టి మారుతుంది. ఎండాకాలం ఒక లెక్క, వానల తర్వాత ఇంకో లెక్క. అది చూసుకోవడానికి నేర్పుగల మనిషి కావాలి. ఆ ఊళ్లో ఒక పిల్లవాణ్ని పెట్టారు. కొన్నాళ్లకు జీతం ఆగింది, అతను హైదరాబాద్ పోయాడు. పటిక బస్తాల కోసం పంచాయతీ వాళ్లు ఏ ఆఫీసుకు ఇండెంటు పెట్టాలో ఎవరూ తేల్చి చెప్పలేదు. అడుగున చేరిన మడ్డి ఎక్కడ పారబోయాలన్నది ముందు ఎవరూ ఆలోచించలేదు, గుంటలో పోస్తే పక్క చేను ఆసామి కొట్లాటకు వచ్చాడు. నీళ్లు ఒకనాడు వగరుగా, ఇంకోనాడు బాగా ఉండేవి. ఆడవాళ్లు మెల్లమెల్లగా బోరింగు దగ్గరికే మళ్లారు. పై ఆఫీసు కాగితంలో మాత్రం ఆ ఊరికి ఎదురుగా 'ప్లాంటు కలదు' అని సంవత్సరాల తరబడి ఉంది.

ఆ ప్లాంటుకు కొబ్బరికాయ కొట్టిన రోజు ఒక ముసలామె నా పక్కన నిలబడి, "నర్సమ్మా, ఈల్లంత పోయినంక రేపు పొద్దుగాల దీనిల మందెవలు కలుపుతరు?" అని అడిగింది. అక్కడికి వచ్చిన పెద్దల్లో ఒక్కరైనా ఆ మాట అడిగి ఉంటే ఎంత బాగుండేది. నీ శిక్షణ మొత్తంలో ఈ ఒక్క ప్రశ్న నీ నోటికి అలవాటైతే చాలని నా ఆశ. కొత్త పరికరం వచ్చినా, కొత్త ఫారం వచ్చినా, కొత్త పథకం వచ్చినా, రేపు పొద్దున దీన్ని ఎవరు చేస్తారు, ఆ మనిషికి జీతం ఏ పద్దు కింద వస్తుంది, సామాను ఏ గోదాము నుంచి వస్తుంది, చెడిపోతే ఎవరికి ఫోన్ చేయాలి, అని అడుగు. జవాబు మీటింగులో ఉన్న పెద్ద సారును అడిగితే రాదు. పని చేయాల్సిన మనిషినే అడగాలి.

మరి ఆ ఊళ్లకు మంచి నీళ్లు ఎట్లా వచ్చాయి? అది కూడా తెలుసుకొని పోవాలి నువ్వు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో జలసాధన సమితి పిలుపు మీద మన నల్లగొండ నియోజకవర్గంలో 480 మంది పోటీ చేశారు. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది. దుశ్చర్ల సత్యనారాయణ గారి లాంటివాళ్లు ఊరూరూ తిరిగి కూడగట్టిన కోపం అది, కృష్ణ పక్క నుంచే పారుతున్నా మాకు విషపు నీళ్లేనా అని. శివన్నగూడకు చెందిన అంశల స్వామి వంకరపోయిన తన ఒంటినే సాక్ష్యంగా తీసుకుని ఢిల్లీ దాకా పోయి వచ్చాడు. తర్వాత మెల్లగా సాగర్ నీళ్లను ఎత్తిపోసి తాగునీటి పథకాలు వచ్చాయి, 2015లో చౌటుప్పల్‌లో మిషన్ భగీరథ పైలాన్ ఆవిష్కరించారు, ఇళ్లకు నల్లాలు వచ్చాయి. 2022 జనవరిలో స్వామి చనిపోయాడని విన్నప్పుడు నాకు రెండు రోజులు అన్నం సహించలేదు. నీళ్లు మారాయి, వంగిన ఎముక మాత్రం తిరిగి సాగదు.

ఇందులో మా ఆరోగ్య శాఖ చేసింది తక్కువ. మేము గార పట్టిన పండ్లు లెక్కపెట్టాం, నొప్పులకు గోలీలు ఇచ్చాం. రోగాన్ని ఆపింది తాగునీటి ఇంజనీర్లు, ఆర్థిక శాఖ సంతకం, అన్నిటికంటే ముందు ఆ జనం. కాబట్టి ఆరోగ్య సలహాదారు అంటే ఆరోగ్య శాఖ గోడల లోపల తిరిగే మనిషి అనుకోకు. నువ్వు పోయిన చోట నీళ్ల శాఖలో ఎవరున్నారు, బడ్జెట్ కాగితం ఏ నెలలో ఎవరి బల్ల మీదికి పోతుంది, ఊరివాళ్లు ఎవరి మాట వింటారు, ఇవన్నీ నీకు తెలియాలి. జనం గట్టిగా అడుగుతున్నది ఒకటైతే, నీ ప్రాజెక్టు ఇవ్వాలనుకుంటున్నది ఇంకోటైతే, ముందు వాళ్ల మాట పూర్తిగా విను.

ఇంకో సంగతి. మన తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది కదా, అక్కడి కృష్ణమాచారి, కృష్ణస్వామి గార్లు 1973లో లాన్సెట్ పత్రికలో ఫ్లోరైడ్ ఉన్న ఊళ్లలో పిల్లల మోకాళ్లు లోపలికి తిరుగుతున్న సంగతి రాశారు. ఇక్కడ ఫ్లోరైడ్ ఎప్పటి నుంచో ఉన్నా ఈ తీరు వంకర ఎందుకు వస్తున్నదని వెతికితే, జొన్న తిండి, ఆ జొన్నలోని ఖనిజాలు, నాగార్జునసాగర్ కట్టాక పైకి వచ్చిన భూగర్భ నీళ్లు, వీటి దాకా పోయింది ఆలోచన. తర్వాత అదే సంస్థ వాళ్లు చింతపండు తింటే ఫ్లోరైడ్ మూత్రంలో ఎక్కువగా బయటికి పోతుందని చూపించారు. పైదేశపు సలహాదారులు చాలామంది ఈ తార్నాక సంగతి తెలియకుండానే వచ్చి పోయేవాళ్లు. నువ్వు అట్లా చేయకు. ఆ దేశంలో ఇప్పటికే పనిచేసిన వాళ్లు, చదివిన వాళ్లు, పరిశోధించిన వాళ్లు ఎవరో పోయిన మొదటి నెలలోనే కనుక్కో. మన దగ్గర ఆశ కార్యకర్తలు రావడానికి ముందే, 2003లోనే, ఇథియోపియా వాళ్లు పల్లెకు ఇద్దరు ఆడపిల్లలను జీతమిచ్చి ఆరోగ్య పనికి పెట్టారు. మన ఆశ కార్యకర్తలు నెల జీతం కోసం ఇప్పటికీ రోడ్డెక్కుతున్నారు. ఆ విషయంలో వాళ్ల దగ్గర మనం నేర్చుకోవాల్సిందే ఎక్కువ.

ఇక పాలమూరు, అదే మహబూబ్‌నగర్. నువ్వు పుట్టిన జిల్లా కాబట్టి వలస సంగతి నీకు కొత్త కాదు. దసరా వెళ్లేసరికి గుంపు మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి మనుషులను లారీ ఎక్కిస్తాడు. తండా మొత్తం మీద ముసలివాళ్లు, మేకలు మిగులుతాయి. నేను అచ్చంపేట దిక్కు పనిచేసినప్పుడు నెల రిపోర్టులో టీకాల శాతం రాయాలంటే చేయి ఆడేది కాదు. రిజిస్టరులో ఉన్న పిల్లల్లో సగం పూణే దగ్గర ఏదో కట్టుబడి కింద ఉంటారు. ఉన్న పిల్లలను లెక్క తీసుకుంటే నూటికి నూరు వస్తుంది, పుట్టిన పిల్లలను లెక్క తీసుకుంటే సగం కూడా రాదు. పైవాళ్లు ఒక అంకె అడుగుతారు, కింద ఏఎన్ఎమ్ భయపడి పెద్ద అంకె వేస్తుంది. ఆ అంకెలే కలిసి జిల్లా అంకె, రాష్ట్రం అంకె అయి మీలాంటి వాళ్ల ముందుకు వస్తాయి. శాతం చూడగానే కింద ఏ అంకెతో భాగించారో అడుగు. ఎవరు లెక్కలో లేరో అడుగు. తక్కువ అంకె నిజంగా రాసిన ఏఎన్ఎమ్‌ను ఎవరైనా నీ ముందు మందలిస్తే, ఆమె వైపు మాట్లాడు. ఆమె నోరు మూయిస్తే ఆ జిల్లా గురించి నీకు ఇక ఎవరూ నిజం చెప్పరు.

క్షయ మందులూ అంతే. ఆరు నెలలు వాడాలి. మూడో నెలలో మనిషి బొంబాయి పోతాడు, అక్కడ మందు ఎవరిస్తారో తెలియదు, దగ్గు తగ్గిందని ఆపేస్తాడు. ముదిరాక ఇంటికి తిరిగి వస్తాడు. మా ఒక కార్యకర్త మేస్త్రీల పేర్లు, వాళ్లు పోయే ఊళ్లు, ఫోన్ నంబర్లు ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకునేది. లారీ కదిలే ముందు రోజే మందుల డబ్బా కట్టి ఇచ్చేది, పోయినచోట ఏ సర్కారు దవాఖానకు పోవాలో చీటీ రాసి ఇచ్చేది. ఆ నోటుబుక్కు ఏ ప్రాజెక్టు పుస్తకంలోనూ లేదు. నేను చూసిన వాటిలో దానంత మంచి ఏర్పాటు ఇంకోటి లేదు. ఆ అమ్మాయి బదిలీ మీద పోతే ఆగిపోయింది, ఎందుకంటే దాన్ని పద్ధతిగా మార్చమని పై ఆఫీసులో అడిగేవాళ్లు లేకపోయారు. సలహాదారు చేయదగ్గ పని అదే బిడ్డా. ఇట్లాంటి నోటుబుక్కులు వెతికి పట్టుకొని, వాటికి సర్కారు ఉత్తర్వు, ఒక చిన్న పద్దు, ఇంకో మనిషి దొరికేటట్టు చూడు.

బయటి డబ్బు సంగతీ చెప్పాలి. మన దగ్గరికి బాగానే వచ్చింది. 1990ల మధ్యలో ప్రపంచ బ్యాంకు అప్పుతో వైద్య విధాన పరిషత్ దవాఖానలు బాగుచేశారు. 1999లో బ్రిటన్ డబ్బుతో జీవనోపాధుల ప్రాజెక్టు మహబూబ్‌నగర్, నల్లగొండ, అనంతపురం, కర్నూలు, ప్రకాశం జిల్లాల్లో మొదలైంది. ఆ తర్వాత ఆరోగ్య రంగానికీ బ్రిటన్ సాయం వచ్చింది. 2012లో వాళ్ల ప్రభుత్వం 2015 తర్వాత ఇండియాకు ఆర్థిక సాయం ఉండదని ప్రకటించింది. సాయం ఎప్పుడో ఒకప్పుడు ఆగుతుంది, అందులో తప్పు పట్టేదేమీ లేదు. ఆగిన రోజు ఏం మిగులుతుందన్నది మొదటి రోజే అడగాలి. ఒక ప్రాజెక్టు కింద మాకు మంచి రిజిస్టర్లు ఇచ్చారు, రంగుల కాగితాలు. దానికి పక్కన సర్కారు రిజిస్టరు, ఇంకో కార్యక్రమానిది ఇంకోటి. ఒకే గర్భిణి పేరు ఎన్నో చోట్ల రాయాలి. ప్రాజెక్టు పోయాక ఆ ఫారాలు అచ్చు వేయించే దిక్కు లేదు, జిరాక్సు ఖర్చు మా ఏఎన్ఎమ్‌లే పెట్టుకున్నారు. 2005లో సాయం ఇచ్చే దేశాలు, తీసుకునే దేశాలు కలిసి పారిస్‌లో ఒప్పందం రాసుకున్నాయి కదా, తీసుకునే దేశం సొంత పద్ధతుల ద్వారానే వీలైనంత వరకు సాయం చేయాలని. ఆ మాట అమలైందో లేదో తెలుసుకోవాలంటే రాజధానిలో మీటింగుకు పోనక్కర లేదు. ఏదైనా సబ్‌సెంటర్‌లో బీరువా తలుపు తీసి రిజిస్టర్లు లెక్కపెట్టు.

2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో మన మహబూబ్‌నగర్ ఒకటి. గుండె ఆపరేషన్ అయి తిరిగి వచ్చిన కూలి మనుషులను నా కళ్లతో చూశాను, ఆ పథకం మంచిదని ఎవరి ముందైనా అంటాను. అయితే కోత పడే రోగానికి డబ్బు దొరుకుతుంది, ఆ రోగం రాకుండా బీపీ గోలీ నెలనెలా ఇచ్చే పల్లె దవాఖానకు అంత సులువుగా దొరకదు. పెద్దాసుపత్రి కోసం అడిగేవాళ్లు చాలామంది ఉంటారు, సబ్‌సెంటర్ కోసం అడిగేవాళ్లు ఉండరు. డబ్బు పంచే చోట కూర్చునే అవకాశం నీకు వస్తే, సబ్‌సెంటర్ తరఫున మాట్లాడు. అక్కడ నువ్వు మౌనంగా ఉంటే ఇంకెవరూ మాట్లాడరు.

నీకు నేర్పేవాళ్లకు నా మాటగా ఒకటి చెప్పు. సలహాదారులను తరగతి గదిలో తయారు చేయడం చాలదు. కనీసం మూడు నెలలు ఒక జిల్లాలో ఉంచాలి. ఒక నెల మందుల స్టోరులో, ఒక నెల ట్రెజరీ, జిల్లా ఆరోగ్య అధికారి ఆఫీసుల్లో, ఒక నెల పల్లె నర్సు వెంట. తమిళనాడు వాళ్లు 1990లలో మందుల కొనుగోలుకు కార్పొరేషన్ పెట్టి దేశానికి దారి చూపారు. అక్కడి గోదాము ఎట్లా నడుస్తుందో కూర్చొని చూసినవాళ్లకు మందులు ఎందుకు అందవో ఎవరూ చెప్పనక్కర లేదు. 2016లో మన జిల్లాలను ముక్కలు చేసినప్పుడు నల్లగొండ మూడు, పాలమూరు నాలుగు, తర్వాత నారాయణపేటతో ఐదు జిల్లాలయ్యాయి. కొత్త జిల్లాకు బోర్డు ఒక్కరోజులో మారింది. స్టోరు, ఫ్రిజ్, వాహనం, డ్రైవరు, ఖజానా పద్దు మారడానికి ఎంత కాలం పట్టిందో కింద పనిచేసినవాళ్లకు తెలుసు. వ్యవస్థ అనే మాటకు అర్థం నేను అప్పుడే బాగా నేర్చుకున్నాను.

ఇంకొన్ని చిన్న మాటలు. వాళ్ల భాష నేర్చుకో. అమ్హారిక్ పూర్తిగా రాకపోయినా అక్కడి ఆరోగ్య కార్యకర్తతో టీ తాగేటంత రావాలి. నీ పక్కన కూర్చునే ఆ దేశపు అధికారి నీకంటే తక్కువ జీతం తీసుకుంటూ నీకంటే ఎక్కువ భారం మోస్తుంటాడు, అతన్ని అన్నా అని పిలిచినంత మర్యాదగా చూడు. రిపోర్టు మీద నీ పేరు కంటే ముందు అతని పేరు ఉండనీ. మీటింగులో మొదటి గంట నువ్వు మాట్లాడకు. నీకు తెలియని ప్రశ్న అడిగితే తెలియదని చెప్పి, కనుక్కొని మర్నాడు చెప్పు. నువ్వు ఒప్పుకోని పనికి నీ సంస్థ ఒత్తిడి చేస్తే కాగితం మీద నీ అభిప్రాయం రాసి పెట్టు.

సంక్రాంతికి ఇంటికి వస్తానన్నావు కదా, మూడు రోజులు ఎక్కువ ఉండేటట్టు టికెట్ చూసుకో. మర్రిగూడ దిక్కు ఒక సబ్‌సెంటర్‌లో నా దగ్గర పనిచేసిన అమ్మాయి ఇప్పుడు సూపర్‌వైజర్. బుధవారం టీకాల రోజు, శనివారం కూడా. ఆమె వెంట వ్యాక్సిన్ క్యారియర్ మోసుకుంటూ రెండు ఊళ్లు తిరుగు. ఇండెంటు పుస్తకం చూపిస్తుంది, ఏం అడిగింది, ఏం వచ్చింది, ఎన్ని రోజులకు వచ్చింది, రాసుకో. నోటుబుక్కు తెచ్చుకో, ఫోన్‌లో ఫొటోలు చాలవు. మధ్యాహ్నం ఆమె ఇంట్లో చింతపండు పచ్చిపులుసుతో అన్నం పెడుతుందట, వద్దనకు.

అడిస్ అబాబా చేరిన మొదటి నెలలో అక్కడి ఏదో ఒక జిల్లా మందుల స్టోరు చూసి నాకు రాయి. స్టోరు చూసుకునే మనిషి పేరేమిటి, ఎన్నేళ్లుగా ఉన్నాడు, ఏ మందు ఎక్కువసార్లు అయిపోతుందంటున్నాడు, అన్నీ వివరంగా కావాలి. మీ నాయనకు బీపీ గోలీలు ఆపవద్దని నా మాటగా చెప్పు.

ఉంటాను.

మీ అత్త